పాసుబుక్కు ఫొటో గ్రూపులో పెట్టకండి

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట. పంట నమోదు అప్పుడు "ఆధార్, పట్టాదారు పాసుబుక్కు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి" అని ఒకప్పుడు నేనే చెప్పాను. పని తొందరగా అవుతుందనుకున్నాను. అది తప్పు. తుర్కయంజాల్ చుట్టుపక్కల భూముల ధరలు మీకు తెలిసినవే. రైతుల గ్రూపులో ప్లాట్ల బ్రోకర్లూ ఉంటారు, ఎవరు చేర్చారో తెలియని నంబర్లూ ఉంటాయి. వాట్సాప్ సందేశాన్ని దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే కానీ, ఫొటో గ్రూపులోని అందరి ఫోన్లకూ చేరుతుంది. పెట్టి రెండు రోజులు పైబడితే అందరి దగ్గరా తుడిపేసే వీలు కూడా ఉండదు.

రిజిస్ట్రేషన్ కాగితాలైతే అసలే పెట్టకండి. వాటి మీద మీ వేలిముద్రలు ఉంటాయి. ఊళ్లో వేలు పెడితే డబ్బులిచ్చే మిషనుకు ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు, ఓటీపీ అడగదు. ఇలాంటి కాగితాల నుంచి నకిలీ వేలిముద్రలు తయారు చేసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలను మన పోలీసులు పట్టుకున్నారు కూడా. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి, ఈకేవైసీ రోజున తీసి మళ్లీ వేయండి. ఆధార్ ఇవ్వక తప్పనప్పుడు మొదటి 8 అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అది ఎక్కడ చెల్లుతుందో ముందే అడగండి.

ఇక "పీఎం కిసాన్" పేరుతో వచ్చే ఫైలు. చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోవద్దు. ఇన్‌స్టాల్ చేస్తే అది మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, మీ ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. పంపింది మీ బావమరిది నంబరే కావచ్చు. ఆయన ఫోను చిక్కాక ఆయన పేరుతోనే మీకు వస్తుంది. ముందు ఆయనకు ఫోన్ చేసి అడగండి. కిసాన్ డబ్బు ఏడాదికి మూడుసార్లు 2,000 రూపాయల చొప్పున నేరుగా ఖాతాలో పడుతుంది. దానికి వాట్సాప్ ఫైలుతో పని లేదు. ఈకేవైసీని ప్లే స్టోర్‌లోని అసలు యాప్‌లో గానీ మీసేవలో గానీ చేయించుకోండి.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. ప్రైవసీలో గ్రూప్స్ దగ్గర "మై కాంటాక్ట్స్" ఎంచుకోండి. చేతకాకపోతే రైతు వేదికకు ఫోను తెండి, పెట్టిస్తాను. మెసేజీగా వచ్చే 6 అంకెల కోడ్ మాత్రం నాకైనా చెప్పకండి.

డబ్బు పోయిందా, ఫోనులో డేటా ఆపి, ఇంకొకరి ఫోను నుంచి వెంటనే 1930కి చేయండి, తరువాత బ్యాంకుకు. పరువు పోతుందని రెండు రోజులు ఇంట్లో కూడా చెప్పని రైతును చూశాను. మన పొరపాటు వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనది, చెప్పాక జరిగేది బ్యాంకుది. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. ఫిర్యాదు నంబరు, చేసిన సమయం కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈసారి పంట నమోదుకు మాత్రం కాగితాలు చేతిలో పట్టుకుని రండి, చూసి మీకే తిరిగి ఇచ్చేస్తాను.