ఆఖరి ఎత్తులోనే అసలు లెక్క

శ్రీకాకుళం: ఒలింపిక్స్ అనగానే సిక్కోలు వాసులకు ముందుగా గుర్తుకొచ్చేది వెయిట్ లిఫ్టింగ్. ఆమదాలవలస మండలం ఊసవానిపేటలో పెరిగి, నీలంశెట్టి అప్పన్న వద్ద తొలి పాఠాలు నేర్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ క్రీడల్లో భారత్‌కు దక్కిన ఒకే ఒక్క పతకమూ అదే. మహిళల వెయిట్ లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు లభించింది కూడా ఆ ఏడాదే కావడం గమనార్హం.

అయితే ఈ పోటీని టీవీలో చూసేవారిలో చాలామంది మధ్యలోనే తికమకపడుతుంటారు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనుకబడ్డారో ఒక పట్టాన అంతుబట్టదు. దీనికి కారణం పోటీ నడిచే తీరే.

ప్రతి క్రీడాకారిణికి మొత్తం ఆరు అవకాశాలుంటాయి. నేల మీది బార్‌ను ఒకే ఊపులో తలపైకి లేపే స్నాచ్‌లో మూడు, ముందు భుజాల మీదికి తెచ్చుకుని ఆపై తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. రెండింటిలోనూ ఎత్తిన అత్యధిక బరువులను కలిపితే వచ్చేదే తుది ఫలితం. స్నాచ్‌లో మూడు ప్రయత్నాలూ విఫలమైతే మొత్తం లెక్కలోకే రాదు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తే ఎత్తు చెల్లినట్లు.

తికమకంతా వరుసక్రమంలో ఉంది. బార్ మీద బరువు పెరుగుతుందే గానీ తగ్గదు. తక్కువ బరువు కోరినవారు ముందు వస్తారు, ఎక్కువ కోరినవారు తర్వాత వస్తారు. కాబట్టి తొలి అరగంటలో పట్టికలో పైనున్న పేరు చూసి సంబరపడటం గానీ, మనవారి పేరు కనిపించలేదని టీవీ కట్టేయడం గానీ తొందరపాటే. బలమైనవారు అప్పటికింకా వేదిక ఎక్కి ఉండరు. ఎదుటివారు కోరిన బరువును గమనిస్తూ శిక్షకులు తమవారి బరువును మార్పిస్తుంటారు. ఈ పోటీలో సగం ఆట తెర వెనుకే సాగుతుంది.

సిడ్నీలో 69 కిలోల విభాగంలో జరిగింది ఇదే. అంతకుముందు 54 కిలోల విభాగంలో 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచిన మల్లీశ్వరి ఇంత బరువైన విభాగంలో దిగడమే సాహసం. ఆమె స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి 240 చేశారు. చైనా క్రీడాకారిణి లిన్ వీనింగ్, హంగేరీకి చెందిన ఎర్జెబెట్ మార్కుష్ చెరి 242.5 కిలోలతో సమానంగా నిలిచారు. శరీర బరువు తక్కువగా ఉన్నందున లిన్‌కు స్వర్ణం దక్కింది.

మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో కోరిన బరువు 137.5 కిలోలు. అది నిలిచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, స్వర్ణం భారత్‌దే. నిలవలేదు. తుది పట్టికను బట్టి చూస్తే 135 కిలోలు చాలేవి. అంత బరువెందుకు పెట్టించారన్న చర్చ క్రీడాభిమానుల్లో నేటికీ ఉంది. కానీ ‘స్వర్ణం చేజార్చుకున్నారు’ అనడం మాత్రం న్యాయం కాదు. చివరి ఎత్తు విఫలమైనా అప్పటికి సాధించిన 240 ఎక్కడికీ పోదు. చేతిలో ఉన్నది చెక్కుచెదరకుండానే ఆమె బంగారానికి చేయి చాచారు.

ఆ తర్వాత నిబంధనలు మారాయి. అప్పట్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. 2005 నుంచి ఒక్క కిలో పెంచినా చెల్లుతోంది. మొత్తాలు సమానమైతే శరీర బరువు చూసే పద్ధతి 2017లో పోయింది. ఇప్పుడు ఆ మొత్తాన్ని ముందుగా చేరినవారిదే పైచేయి. ఒక్క కిలో విలువ ఎంతో 2024 ఆగస్టు 7న పారిస్‌లో తెలిసింది. మీరాబాయి చాను 88, 111 కిలోలతో 199 చేయగా, 200 చేసిన థాయిలాండ్ క్రీడాకారిణి సురోద్‌చనా ఖంబావో కాంస్యం అందుకున్నారు. మీరాబాయి కూడా చివరి ప్రయత్నంలో 114 పెట్టించారు. అదీ నిలవలేదు. మూడేళ్ల ముందు టోక్యోలో 202 కిలోలతో రజతం గెలిచిన ఆమె నాలుగో స్థానంతో వెనుదిరిగారు.

పారిస్ పోటీ మనకు రాత్రి 11 గంటలకు మొదలైంది. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనుక. సిడ్నీలోనైతే అయిదున్నర గంటలు ముందు. 2028 ఒలింపిక్స్ జరిగే లాస్ ఏంజెలెస్‌కూ మనకూ జులైలో పన్నెండున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం ఆరింటికి మొదలయ్యే పోటీని మన ఊళ్లో మర్నాడు ఉదయం ఆరున్నరకు చూడాలి.