సరుకు మనది – నిర్ణయ మెవరిది?

ఎండబెట్టుట, ఊఱవేయుట, కుట్టుట, అల్లుట మన స్త్రీలకు ఎవరును ప్రత్యేకముగా నేర్పనక్కఱలేని విద్యలు. ఆ విద్యలవలన నాలుగు రూకలు సంపాదింపవచ్చునని నేడు మన గ్రామములలోను పట్టణములలోను లక్షలకొలది స్త్రీలు గ్రహించియున్నారు. 1982వ సంవత్సరమున డ్వాక్రా పథకము ఆరంభమైన తరువాత సంఘముగా కూడుట, పొదుపు చేయుట, బ్యాంకులో అప్పు తెచ్చి వాయిదాలు తీర్చుట మనవారికి క్రమముగా అలవడినవి. అయినను ఒక విద్య మాత్రము మనలో ననేకుల కింకను పట్టుబడలేదు. అది అమ్ముట. సంతలో కూర్చుండి వచ్చినవారికి తూచి యిచ్చుట గాదు. కొనదగినవారిని మనమే వెదకి, వారికి టెలిఫోను చేసి, కొనుటకు అధికారము గలవారితో సూటిగా మాటాడి అమ్ముట. ఈ విషయమును గుఱించి సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

ఈ విద్య లేకపోవుటవలన కలుగు నష్టము చిన్నది గాదు. కిలో ఆవకాయకు కాయ, నూనె, కారము, ఆవపిండి, సీసా అన్నియు కలిసి 220 రూపాయలు పడిన వనుకొందము. ఇంటి గుమ్మము కడకు వచ్చు మధ్యవర్తి 250 రూపాయలిచ్చి పట్టుకొనిపోవును. హోటలు యజమాని దానినే అతనియొద్ద 360 రూపాయలకు కొనును. పదిమంది స్త్రీలు నెలకు 100 కిలోలు పెట్టినచో వారికి మిగులునది 3,000 రూపాయలు, తలకు 300. ఆ యజమానితో తామే మాటాడి 320 రూపాయల కొప్పించి, బండి కిరాయి కిలోకు 20 రూపాయలు తీసివేసినను, తలకు 800 వచ్చును. యజమానికిని కిలోకు 40 రూపాయలు కలిసివచ్చును. ఈ నడుమనున్న 500 రూపాయలు ఒక బిడ్డ బడిబండి కిరాయి కావచ్చును; అత్తగారి మందులు కావచ్చును. అవి చేజాఱుట చేతిపని లోపమువలన గాదు, నోటిమాట లోపమువలన.

మఱి టెలిఫోను చేయుటకు వెఱపేల? ఎవరైన కసరుకొందురేమో యని కొంత. అమ్మకమునకై మనకు వచ్చు ఫోనులన్న మనకే విసుగు గనుక, మనము చేసినను అంతియే గదా యని మఱికొంత. ఈ రెండవ కారణమును కొంచెము పరిశీలింపవలయును. ఆ ఫోనులు మనకేల విసుగు పుట్టించుచున్నవి? పిలిచినవారికి మన యవసరము తెలియదు. మన తీరికను అడుగరు. పొయ్యిమీద పోపు మాడుచుండగా ఒప్పగించిన పాఠము చదివిన ట్లేకబిగిని చదివెదరు. అక్కఱలేదన్నను మరల పిలిచెదరు. ఈ బాధ తప్పించుటకే 1909 అను సంఖ్యకు తెలిపి, ఇట్టి పిలుపులు వలదని నమోదు చేయించుకొను ఏర్పాటున్నది. పెద్దయెత్తున ప్రకటన పిలుపులు చేయువారు టెలిఫోను కంపెనీలయొద్ద నమోదై, 140తో ఆరంభమగు సంఖ్యలనుండియే పిలువవలెనని నిబంధనయు కలదు. కావున ఎవరివో సంఖ్యల పట్టికలు కొని, ఊరిలోని ఇండ్లన్నిటికి ఫోను చేయుట మనము చేయదగిన పని గాదు. తమ వ్యాపారముకొఱకు బోర్డుమీద సంఖ్య వ్రాసియుంచినవారిలో మన సరుకు నిజముగా అక్కఱపడు పదిమందిని ఎంచుకొని, ఒక్కొక్కరితో మర్యాదగా మాటాడుటయే మన మార్గము.

ఆ పదిమందిలోను తెలిసినవారితో మొదలుపెట్టుట మేలు. 1959వ సంవత్సరము మార్చి 15వ తేదీన బొంబాయి గిర్గాం ప్రాంతమున ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద అప్పడములు ఒత్తిరి. నేడు లిజ్జత్ పాపడ్ అను పేర ప్రసిద్ధమైన సంస్థకు అదియే ఆరంభము. తొలినాటి నాలుగు పొట్లములను వారు భులేశ్వర్‌లో తమకు తెలిసిన వర్తకునకే అమ్మిరి. తెలిసినవా రొక్కరు కొన్నచో, రెండవవానితో “ఫలానావారు మాయొద్ద తీసుకొనుచున్నారు” అని చెప్పుటకు మన కాధారము దొరకును. ముఖపరిచయము లేనిచోట ఆ యొక్క మాట పది పొగడ్తలకంటె బలమైనది.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. ఒక సంస్థలో కొను నిర్ణయ మెవరి చేతిలో నున్నది? దీనిని మన యింటినుండియే తెలిసికొనవచ్చును. ఇంటికి క్రొత్త గ్రైండరు కొనవలసివచ్చిన దనుకొనుడు. దానితో పనిచేయునది కోడలు. ఏ కంపెనీది మంచిదో చెప్పునది ప్రక్కింటి పిన్నిగారు. దుకాణమునకు వెళ్లి బేరమాడునది మఱది. సరే యని తలయూపవలసినది అత్తగారు. అమ్మవచ్చినవానికి “ఇంట్లో ఎవరును లేరు” అని చెప్పి తలుపు మూయగలది అరుగుమీద చదువుకొనుచున్న పిల్లవాడు. అమెరికాలో వెబ్‌స్టర్, విండ్ అను ఇరువురు పండితులు 1972లో సంస్థల కొనుగోళ్లను విమర్శించుచు సరిగా ఈ అయిదు పాత్రలనే చెప్పిరి: వాడుకొనువారు, సలహా చెప్పువారు, కొనితెచ్చువారు, నిర్ణయించువారు, ద్వారము కాచువారు. ఒక్కొక్కచోట ఒకరే రెండు మూడు పాత్రలు వహింతురు. పెద్దచోట ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్కరుందురు. మన మాట ఎవరి చెవిని పడుచున్నదో తెలియక మాటాడుట చీకటిలో ముగ్గు పెట్టుట వంటిది.

మేమెఱిగిన యొక సంఘము కథ చెప్పెదము. ఎనిమిదిమంది స్త్రీలు. ఊఱగాయలు, పొడులు చేయుదురు. ఒక కళాశాల వసతిగృహమునకు అమ్మవలెనని వార్డెనుగారికి మూడు నెలలు ఫోను చేసిరి. ఆయన మంచివాడు, పిలిచినప్పుడెల్ల “చూద్దామమ్మా” అనెడివాడు. ఆ మాటను నమ్మి వీరు అప్పుతో కాయ కొని జాడీలు నింపిరి. బ్యాంకు వాయిదా దగ్గఱపడెను, ఆర్డరు రాలేదు. చివరకు సంఘములో చిన్నదగు నొక యువతి ఆయననే వినయముగా అడిగెను: “అయ్యా, మీకు నచ్చినది, సంతోషము. ఇది తీసుకొనుటకు మీరు గాక ఇంకెవరైనా సరే అనవలసియున్నదా?” ఆయన వెంటనే చెప్పెను. భోజనశాల కాంట్రాక్టరుకిచ్చినారట, నెలకు ఏయే పదార్థములు పెట్టవలెనో విద్యార్థుల సంఘము నిర్ణయించునట. ఆయన కీ విషయమున అధికారమే లేదు. లేదని చెప్పుకొనుట కష్టమై “చూద్దాము” అనుచుండెను. మఱునాడే ఆ విద్యార్థులకు రెండు సీసాలు మచ్చు పంపిరి. కాంట్రాక్టరుతో ధర మాటాడిరి. ఆ నెలలోనే 20 కిలోలకు ఆర్డరు వచ్చెను. మూడు నెలల పిలుపులు చేయని పనిని ఒక్క ప్రశ్న చేసినది.

కావున మొదటి ఫోనులో సరుకును గుఱించి వర్ణింపనక్కఱలేదు, దారి అడుగవలయును. మన మెట్లు మాటాడుదుమో ఆ భాషలోనే వ్రాయుచున్నాము: “నమస్కారమండీ. మేము ఫలానా ఊరి మహిళా సంఘం నుంచి మాట్లాడుతున్నాము. ఇంట్లో పెట్టిన ఊరగాయలు హోటళ్లకు ఇస్తాము. మీ దగ్గర ఇటువంటివి ఎవరు చూసి తీసుకుంటారండీ? వారితో ఎప్పుడు మాట్లాడితే వీలుగా ఉంటుంది?” ఇంతే. అర నిమిషము పట్టును.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పువాడు తఱచుగా బల్లకడ కూర్చుండిన గుమాస్తాయో, రిసెప్షనులోని యమ్మాయియో యగును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని సామెత. వారిని దాటిపోవుటకు “మీ యజమాని నాకు బాగా తెలుసును” అని బొంకువారున్నారు. అది ఒక్కసారి పనిచేయును. బయటపడిననాడు తలుపు శాశ్వతముగా మూతపడును. ద్వారము కాచుట వారి యుద్యోగము. యజమాని కాలమును కాపాడుటకే వారు జీతము పుచ్చుకొనుచున్నారు. పేరడిగి, అన్నా యనియో, అమ్మా యనియో పిలిచి, వచ్చిన పని దాపఱికము లేక చెప్పినచో వారే దారి చూపుదురు. సరుకు చేరిన పిదప వారికొక కృతజ్ఞతావాక్యము చెప్పుట మఱవరాదు. నెల తిరిగి మరల ఆ ద్వారమునకే పోవలసియున్నది గదా.

అసలు నిర్ణయించువారితో నేమి చెప్పవలెను? దీనికి మన యింట ఆడపిల్లలందఱు వినియున్న రుక్మిణీ కల్యాణ కథయే చాలును. విదర్భకు రాజు భీష్మకుడు. కాని ఆ యింట రుక్మిణిని శిశుపాలున కీయవలెనని పట్టుపట్టి నెగ్గినవాడు అన్న రుక్మి. సింహాసన మొకరిది, నిర్ణయ మొకరిది. ఇది గ్రహించి యామె తండ్రియొద్ద మొఱపెట్టుకొని కూర్చుండక, కార్యము నెఱవేర్పగల శ్రీకృష్ణునికే విశ్వాసపాత్రుడగు బ్రాహ్మణునిచేత సందేశమంపెను. ఆ సందేశములో ఏమున్నది? తానెవరో, ఏమి కోరుచున్నదో, ఎప్పటిలోగా రావలెనో, పెండ్లికి ముందు గౌరీపూజకై ఊరి వెలుపలి గుడికి తాను వచ్చునపుడు ఏమి చేయవలెనో యున్నది. వినువాడు మరల అడుగవలసినదేమియు మిగులలేదు. మన ఫోనుపలుకును అట్లే యుండవలయును. ఎవరము, ఏమి తెచ్చితిమి, మీకేమి లాభము, మీరిప్పుడు చేయవలసిన చిన్న పని యేమి: ఈ నాలుగును రెండు నిమిషములలో ముగియవలయును.

చివరిదగు చిన్న పని చాల ముఖ్యము. మొదటి మాటలోనే “నెలకు 50 కిలోలు తీసుకొనుడు” అన్నచో ఎవడును సరే యనడు. “గురువారమున పావుకిలో మచ్చు తెచ్చెదము, మీ వంటమేస్త్రిగారు రుచి చూచి చెప్పవచ్చునా?” అన్నచో కాదనుటకు కారణము కనబడదు. ధర అడిగినచో దాపక చెప్పవలయును. తక్కువ చేయుమన్నచో వెంటనే లొంగక, ఎంత సరుకు తీసుకొందురో, డబ్బు ఎన్ని దినములలో నిత్తురో యడిగిన పిదపనే బేరమాడవలయును. నెలలకొలది యప్పు పెట్టి కిలోకు పది రూపాయలు ఎక్కువ యిచ్చువానికంటె సరుకు చేరగానే డబ్బిచ్చువాడు మేలు.

సమయమును గమనింపవలయును. హోటలువారికి ఉదయపు ఫలహారముల వేళను, మధ్యాహ్న భోజనముల వేళను పిలువరాదు; మూడు గంటలనుండి అయిదు గంటలవఱకు వారికి కొంచెము ఊపిరి సలుపును. దుకాణదారుని బోణీ కాకమునుపు పిలిచినచో మంచిమాట వినబడదు. వసతిగృహములు వేసవి సెలవుల తరువాత తెఱచును గనుక, కొత్త ఆవకాయ జాడీలో ఊఱుచున్నపుడే, అనగా మే నెలలోనే, వారితో మాటాడియుంచుట మంచిది. దీపావళికి బహుమతి పొట్లములు పంచు సంస్థలు పండుగకు ఎంతో ముందే నిర్ణయించుకొనును. వారము ముందు పిలిచిన లాభములేదు.

వద్దనిపించుకొనుటకు సిద్ధపడియుండవలయును. పదిమందిని పిలిచినచో ఏడెనిమిదిమంది వద్దనుట సహజము. అయితే ప్రతి “వద్దు”కును అర్థమొకటి గాదు. “ఇప్పుడు వద్దు” అన్నచో తేదీ అడుగవలయును. “ధర ఎక్కువ” అన్నచో వారిప్పుడు కొనుచున్నదేదో తెలిసికొనవలయును. “మాకక్కఱలేదు” అని గట్టిగా చెప్పినచో నమస్కారము చెప్పి మరల పిలువకుండుటయే మర్యాద. దీనికై చాకలిపద్దు వ్రాయు నోటుపుస్తకము వంటిది చాలును: తేదీ, ఎవరితో మాటాడితిమి, ఏమనిరి, మరల ఎప్పుడు. ఈ పుస్తకము సంఘమున కంతటికి ఆస్తి. ఒకామెకు జ్వరము వచ్చినను మఱియొకామె దానిని చూచి పని నడపగలదు.

కొన్ని కాగితములు ముందే సిద్ధము చేసికొనవలయును. తినుబండారములమ్మువారికి 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము ననుసరించి ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నమోదు అవసరము. దానికి 14 అంకెల సంఖ్య యిత్తురు. నిర్ణయించువారు మొదట అడుగునది అదియే. ఫోనుకడనే వ్రాసి పెట్టుకొన్నచో తడుముకొన నక్కఱయుండదు. ఉద్యమ్ నమోదు చేయించుకొన్న స్త్రీలకు మఱియొక ద్వారమున్నది. కేంద్రప్రభుత్వ శాఖలును, ప్రభుత్వరంగ సంస్థలును తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతము చిన్న పరిశ్రమలనుండి తీసుకొనవలెననియు, అందు 3 శాతము స్త్రీల పరిశ్రమలనుండి యనియు 2018లో నియమము చేసిరి. కావున అట్టి కార్యాలయమునకు ఫోను చేయు స్త్రీ భిక్ష యడుగుట లేదు. నియమములో తనకుంచిన భాగమును గుఱించి విచారించుచున్నది.

తుదకు చెప్పవలసిన దిదియే. మన యిండ్లలో ఏ పని ఎవరితో చెప్పిన నెఱవేఱునో, ఏ మాట ఏ వేళ నెత్తవలెనో, ఎవరి మనసు నొవ్వకుండ సరే యనిపించుకొనవలెనో మనకు తెలియనిది గాదు. ఆ తెలివినే గడప వెలుపలకు తీసికొనిపోవలసియున్నది. ఈ మాసములో ఒక్కొక్క సంఘమును పది పేర్లు వ్రాసికొని, దినమునకు రెండేసి పిలుపులు చేసి చూడుడు. వారము తిరుగునప్పటికి పుస్తకములో పది పంక్తులుండును. వానిలో ఒక్కటి ఫలించినను, మధ్యవర్తి చెప్పిన ధరకు తలవంచవలసిన యవసరము మనకు కొంత తగ్గినట్లే.