మీకు తెలుసా? పురుగుమందు మానేసిన ఊరు ఏనబావి

నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు అంతర్భాగంగా ఉన్న పాత వరంగల్ జిల్లాలో 1997-98లో లద్దెపురుగు పత్తిని తినేయగా, ఎన్ని మందులు కొట్టినా అది చావక, ఆ మందులకే చేసిన అప్పులు తీరక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదం ముసిరిన నేలమీదనే, జనగామ జిల్లా లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావి అనే చిన్న పల్లె, స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో మొదట పురుగుమందులనూ, తర్వాత రసాయనిక ఎరువులనూ పూర్తిగా వదిలిపెట్టి, 2006 నాటికే రసాయనరహిత గ్రామంగా పేరొందింది.

అక్కడి సాగుకు ఆధారం పురుగు జీవితచక్రాన్ని ఎరిగి మెలగడమే: ఆముదాన్ని తినే ఎర్ర గొంగళిపురుగు రెక్కలపురుగులు తొలకరి వానకు నేలలోంచి వెలువడతాయి గనుక, ఆ రాత్రులలో ఊరంతా ఒక్కటై చేలల్లో మంటలు వేస్తే అవి గుడ్లు పెట్టకముందే ఆ మంటల్లో పడి చస్తాయి. ఇక వేపగింజల కషాయం, అంటే 5 కిలోల గింజల పొడిని నీటిలో నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లకు కలిపిన ద్రావణం, పురుగుకు ఆకును చేదు చేసి తిననివ్వదు.