షాబు-షాబు కుండ ముందు తొంభై నిమిషాలు

మీ అబ్బాయో, అల్లుడో ఉద్యోగరీత్యా జపాన్‌లో ఉన్నారనుకోండి. మీరు చూడటానికి వెళ్లిన వారం పది రోజుల్లోనే ఒక సాయంత్రం "అబ్బా, ఈ రోజు వేడికుండ హోటల్‌కు పోదాం, తిన్నంత తినొచ్చు" అంటారు. ఇప్పుడు బెంగళూరు, చెన్నై, పుణె కంపెనీల నుంచి మన పిల్లలు టోక్యోకు, ఒసాకాకు వెళ్లడం కొత్త కాదు. వాళ్ల వెంట తల్లిదండ్రులు, అత్తమామలు నెల రెండు నెలలు ఉండి రావడమూ కొత్త కాదు. పాతికేళ్ల కుర్రాడి కడుపు వేరు, షుగరు, బీపీ మాత్రలు జేబులో పెట్టుకుని తిరిగే అరవై ఏళ్ల కడుపు వేరు. అందుకే ఈ భోజనాన్ని యూనానీ కళ్లతో ఒకసారి చూద్దాం.

ముందుగా అది ఏమిటో తెలియాలి. బల్ల మధ్యలో పొయ్యి, దాని మీద వెడల్పాటి కుండ. జపాన్ వాళ్లు దీన్ని 'నాబె' అంటారు. కుండలో నీళ్లు, కోంబు అనే సముద్రపు నాచు. పక్కన కాగితమంత పల్చగా కోసిన మాంసం, క్యాబేజీ, పుట్టగొడుగులు, ఉల్లికాడలు, సోయా పనీర్. మాంసం ముక్కను పుల్లలతో పట్టుకుని మరిగే నీటిలో అటూ ఇటూ ఆడించి, పులుపు సాస్‌లోనో నువ్వుల సాస్‌లోనో ముంచుకుని తింటారు. అలా ఆడించేటప్పుడు వచ్చే చప్పుడే 'షాబు-షాబు'. ఈ పేరు 1952లో ఒసాకాలోని సుఎహిరో అనే హోటల్ పెట్టింది. దీనికి అక్కలాంటిది సుకియాకి. అందులో సోయా సాస్, చక్కెర కలిపిన తీపి పులుసులో మాంసం ఉడుకుతుంది, తినేటప్పుడు గిలక్కొట్టిన పచ్చి గుడ్డులో ముంచుకుంటారు.

ఒక విశేషం చెప్పాలి. ఇంత మాంసం తింటున్న ఈ దేశంలో ఒకప్పుడు పశుమాంసం మీద నిషేధం ఉండేది. 675లో తెన్ము చక్రవర్తి మొదలుపెట్టిన ఆంక్షలు ఏదో ఒక రూపంలో శతాబ్దాల పాటు సాగాయి. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డు మాంసం తిన్నారన్న వార్త బయటికి వచ్చాకే జనానికి జంకు పోయింది. ఇక తిన్నంత తినే పద్ధతికి నాంది 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటల్. అది తన బఫేకు 'వైకింగ్' అని పేరు పెట్టింది. జపాన్‌లో ఈనాటికీ బఫేను 'బైకింగు' అనే అంటారు.

వేడికుండ హోటళ్లలో ఈ పద్ధతిని 'తబెహోదై' అంటారు. తలకింత అని ధర. మాంసం రకాన్ని బట్టి ఆ ధర పెరుగుతుంది. గడువు చాలా చోట్ల 90 నిమిషాలో, 100 నిమిషాలో ఉంటుంది. గడువు ముగియడానికి కొంత ముందే చివరి ఆర్డర్ అడుగుతారు. మిగిలిస్తే అదనంగా డబ్బు తీసుకునే హోటళ్లూ ఉన్నాయి. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. డబ్బు ముందే లెక్క తేలిపోయింది, గడియారం నడుస్తోంది, తెచ్చుకున్నది వదలకూడదు. మనిషి ఆకలిని చూసి కాక బిల్లును చూసి తినడం మొదలుపెడతాడు. మన పెళ్లి దావత్‌లో బిర్యానీ అయినా ఒక వడ్డనతో ఆగుతుంది. ఇక్కడ పళ్లెంలో ఆరేడు పల్చటి ముక్కలే వస్తాయి కాబట్టి 'ఇంకొకటి చెప్పు' అనడానికి చెయ్యి వెనకాడదు. పదో పళ్లెం దాటాక లెక్క ఎవరికీ గుర్తుండదు.

యూనానీ వైద్యం ఆకలిని రెండుగా చూస్తుంది. ఇష్తిహా-ఎ-సాదిఖ్ నిజమైన ఆకలి, ఇష్తిహా-ఎ-కాజిబ్ బూటకపు ఆకలి. 'ఆకలి రుచెరుగదు' అని మనవాళ్లు అన్నది మొదటిదాని గురించే. ఆ ఆకలి ఉన్నవాడికి వట్టి రొట్టె కూడా కమ్మగా ఉంటుంది. రెండోది కంటి నుంచి, వాసన నుంచి, పక్కవాడు తింటుంటే చూడటం నుంచి పుడుతుంది. మరుగుతున్న కుండ ముందు కూర్చున్నవాడికి రెండోది తప్పకుండా పుడుతుంది. అది పుట్టినప్పుడు గుర్తుపట్టగలిగితే చాలు.

షేఖుర్రయీస్ బూ అలీ సీనా తన 'అల్ ఖానూన్'లో భోజనం గురించి చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి ఈ హోటల్‌కు అచ్చంగా సరిపోతుంది. రకరకాల ఆహారాలను ఒకే పూట కలపడం, భోజనాన్ని చాలాసేపు సాగదీయడం, ఈ రెండింటినీ ఆయన గట్టిగా తప్పుపట్టారు. కారణం కూడా చెప్పారు. ముందు తిన్నది అప్పటికే అరగడం మొదలై ఉంటుంది, చివర తిన్నది పచ్చిగా వచ్చి దాని మీద పడుతుంది. ఉడుకుతున్న అన్నంలో మళ్లీ మళ్లీ బియ్యం పోస్తే అడుగుది చిమిడి, పైది పలుకుగా మిగులుతుందే, అలాగన్నమాట. ఆ స్థితి ముదిరితే ఇమ్తిలా, అంటే కడుపు మితిమీరి నిండిపోవడం, తర్వాత తుఖ్మా, అంటే అజీర్ణం. పుల్లటి త్రేన్పులు, బరువు, తలనొప్పి, మర్నాడు పొద్దున నాలుక మీద తెల్లటి పూత, ఇవన్నీ దాని గుర్తులు.

అలాగని ఈ భోజనం చెడ్డదని అనడం న్యాయం కాదు. నూనెలో వేయించింది ఏదీ లేదు. కూరలు బోలెడు. మాంసంలోని కొవ్వు కొంత నీటిలోకి దిగిపోతుంది. మన యఖ్నీకి ఇది దూరపు చుట్టమే. పచ్చి ముల్లంగిని తురిమి సాస్‌లో కలుపుకోవడం కూడా తెలివైన అలవాటు. ముల్లంగి తాను అరగడానికి ఇబ్బంది పెట్టినా వేరేవాటిని అరిగిస్తుందని మన హకీములు అంటుంటారు. గొడ్డు మాంసం మాత్రం యూనానీ లెక్కలో ఘలీజ్ ఆహారం, సౌదాను పెంచుతుంది. పుట్టగొడుగులు చల్లనివి, చెమ్మగలవి, బల్గం మిజాజ్ వారు మితంగా తినాలి. అల్లం, ఉల్లికాడలు, మిరియాల పొడి అడిగి వేయించుకుంటే ఈ రెండు దోషాలూ కొంత తగ్గుతాయి.

కుండలో ఏముందో అడగండి

మన ఇళ్లవాళ్లకు అసలు ప్రశ్న ఇది. మామూలు జపాన్ హోటల్‌లో హలాల్ మాంసం ఉండదని ముందే అనుకోవాలి. గొడ్డు మాంసం పళ్లెం పక్కనే పంది మాంసం పళ్లెం ఉంటుంది. 'మేం కూరలు, చేపలే తింటాం' అనుకున్నా సరిపోదు. కుండలో రసం పంది ఎముకలదో, కోడిదో కావచ్చు. రెండు అరలున్న కుండలో పక్క అర నుంచి రసం చిమ్ముతుంది, గరిటె మారుతుంది. ఇక సాస్‌లు. వంటలో వాడే మిరిన్ అనే తీపి ద్రవంలో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. సుకియాకి పులుసులో అది మామూలు, పులుపు సాస్‌లోనూ చాలాసార్లు ఉంటుంది. సాకె అనే బియ్యపు సారాను కూడా రసంలో పోస్తారు. సహజంగా పులియబెట్టిన సోయా సాస్‌లో తయారీలోనే పుట్టే కొద్దిపాటి ఆల్కహాల్ గురించి మాత్రం మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి, అది హకీం చెప్పే విషయం కాదు.

దారి లేకపోలేదు. టోక్యో, ఒసాకా, క్యోటోల్లో హలాల్ మాంసంతోనే షాబు-షాబు పెట్టే హోటళ్లు ఉన్నాయి. చాలావాటికి ముందే ఫోన్ చేసి చెప్పాలి. 'ముస్లిం ఫ్రెండ్లీ' అన్న బోర్డు, 'హలాల్ సర్టిఫికెట్' ఒకటి కావు. మొదటిదాంట్లో సారా కూడా అమ్ముతుండవచ్చు. పిల్లలు ఆ బోర్డు చూసి తృప్తిపడితే, మీరు సర్టిఫికెట్ చూపమనండి. ఇంట్లో చేసుకోవడం ఇంకా సులువు. టోక్యోలో షిన్-ఓకుబో ప్రాంతంలో హలాల్ దుకాణాల వీధే ఉంది. కోబె వైపు ఉంటే అక్కడి మసీదు దగ్గర విచారించండి. 1935లో ఆ మసీదు కట్టడానికి చందాలిచ్చిన వారిలో మన దేశపు వ్యాపారులూ ఉన్నారు. కుండ, చిన్న గ్యాస్ పొయ్యి ఉంటే మీ వంటింటి బల్లే షాబు-షాబు హోటల్. గడియారం పోరు కూడా ఉండదు.

ఒంట్లో జబ్బున్నవారికి

ఉప్పు సంగతి ముందు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 2.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజంతటికీ 5 గ్రాముల కంటే తక్కువే చాలంటుంది. కాబట్టి బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు ముక్కను సాస్‌లో ముంచకుండా అంచుకు తాకించి తినాలి, గిన్నెలో మిగిలిన సాస్ తాగకూడదు. యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్లు వాచేవారు చివరి రసం వదిలేయాలి, ఎందుకంటే గంటన్నర ఉడికిన మాంసం సారమంతా అందులోనే ఉంటుంది. థైరాయిడ్ జబ్బువాళ్లకు ఒక మాట. కోంబు నాచులో అయోడిన్ చాలా ఎక్కువ. అప్పుడప్పుడు పరవాలేదు, రోజూ ఆ రసమే తాగొద్దు.

షుగరు ఉన్నవారికి ఈ భోజనంలో ఒక మేలుంది, ఒక గండం ఉంది. కూరలు, సోయా పనీర్, తర్వాత మాంసం, అన్నమో నూడుల్సో చిట్టచివర, ఇదే అక్కడి ఆచారం. చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా ఈ వరుస పనికొస్తుంది. కానీ సుకియాకి పులుసు తీపిది, నువ్వుల సాస్ తీపిది, పక్కన కూల్‌డ్రింకుల మిషన్ ఎన్నిసార్లయినా తాగమంటుంది. గండం వేరే ఉంది. భోజనానికి ముందు వేసుకునే షుగరు మాత్రో, ఇన్సులినో ఇంట్లోనే తీసుకుని బయల్దేరితే, హోటల్ దగ్గర వరుసలో అరగంట నిలబడాల్సి వస్తే, చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్‌ను ముందే అడిగి వెళ్లండి, జేబులో రెండు చక్కెర బిళ్లలు ఉంచుకోండి.

పచ్చి మాంసం పట్టే పటకారు వేరు, తినే పుల్లలు వేరు. ఈ తేడా మరిచిపోవద్దు. 2011లో తొయామా, ఫుకుయి ప్రాంతాల్లో ఒక మాంసాహార హోటల్ శాఖల్లో పచ్చి గొడ్డు మాంసం తిని ఐదుగురు చనిపోయాక, ఆ దేశ ప్రభుత్వం నిబంధనలు బిగించింది. 2012 నుంచి పచ్చి గొడ్డు కార్జం వడ్డించడాన్నే నిషేధించింది. కోడి మాంసం లోపలి ఎరుపు పూర్తిగా పోయేదాకా ఉడకాలి. పచ్చి గుడ్డు అక్కడ శుభ్రంగానే దొరుకుతుంది, అయినా గర్భిణులకు, చిన్నపిల్లలకు, వయసు మళ్లినవారికి వద్దనే నా సలహా.

కూర్చునే తీరు కూడా చెబుతాను. మొదటి పది నిమిషాలు కూరలే వేసుకోండి. కుండ మీద తేలే నురుగును తీయడానికి అక్కడ చిన్న జల్లిగరిటె పెడతారు, ఆ పని మీరు తీసుకోండి. చేతికి పని ఉంటే నోటికి కొంత విరామం. ముక్క చల్లారాక తినండి, సలసల కాగేది గొంతుకు మంచిది కాదు. నాలుగో పళ్లెం తర్వాత అరగంట వరకు ఏదీ చెప్పకండి. కడుపు నిండిన కబురు మెదడుకు అందడానికి పావుగంట పైనే పడుతుంది. కడుపులో మూడో వంతు అన్నానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అన్న హదీసు మన పెద్దలు దస్తర్‌ఖాన్ దగ్గర చెప్పిందే. చివర్లో ఐస్‌క్రీం మిషన్ దగ్గరికి పిల్లలు పరిగెడతారు. అంత వేడి మీద అంత చల్లన పోయడం యూనానీ ఒప్పదు. ఇరవై నిమిషాలైనా ఆగమనండి. మీరు మాత్రం వేడి గ్రీన్ టీ తీసుకోండి.

ఎక్కువే తిన్నారనుకోండి. వెంటనే పడుకోవద్దు, పరుగులూ వద్దు, నెమ్మదిగా నడవండి. ఇంటికి చేరాక సోంపు వేసి కాచిన నీళ్లో, అర్ఖ్-ఎ-బాదియానో తాగండి. జవారిష్ కమూనీ తీసుకునే అలవాటు ఉంటే మీ హకీం చెప్పిన మోతాదులోనే తీసుకోండి. అందులో తీపి పాకం ఉంటుందని షుగరువాళ్లు గుర్తుంచుకోవాలి. మర్నాడు నిజమైన ఆకలి వేసేదాకా ఆగి, పల్చటి గంజితోనో పెసర కిచిడీతోనో మొదలుపెట్టండి.

అయితే బరువైన భోజనం తర్వాత ఛాతీలో బిగపట్టినట్టుండి, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకి, చెమట పడితే దాన్ని గ్యాస్ అని సోంపుతో సరిపెట్టకండి. జపాన్‌లో అంబులెన్స్ నంబరు 119. ఆ నంబరు, ఉంటున్న ఇంటి చిరునామా జపాన్ భాషలో రాయించిన కాగితం, మీరు వాడే మాత్రల చీటీ, ఈ మూడూ మీ అబ్బాయి ఫోన్‌లో కాదు, మీ జేబులో ఉండాలి.