ఓలాండ్: దేశ పౌరులైనా సరే... ఐదేళ్లు ఆగాల్సిందే!

స్వీడన్, ఫిన్లాండ్‌ల నడుమ బాల్టిక్ సముద్రంలో చెల్లాచెదురుగా 6,700 దాకా దీవులు. జనం ఉండేది దాదాపు 60 దీవుల్లోనే. అంతా కలిపి 30 వేల పైచిలుకు. అదే ఓలాండ్. దేశం ఫిన్లాండ్, భాష స్వీడిష్. జెండా, తపాలా బిళ్లలు సొంతం. రాజధాని మారిహామ్న్‌లో 30 మంది సభ్యుల చట్టసభా ఉంది.

హెల్సింకిలో పుట్టి పెరిగిన ఫిన్లాండ్ పౌరుడు ఇక్కడికొచ్చి కాపురం పెట్టొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. చట్టసభ ఎన్నికల్లో మాత్రం ఓటు వేయలేడు, పోటీ చేయలేడు. స్థలం కొనాలన్నా, వ్యాపారం పెట్టాలన్నా దీవుల ప్రభుత్వం అనుమతించాలి. వీటన్నిటికీ తాళంచెవి ‘హెంబిగ్డ్స్‌రెట్’ అనే స్థానిక హక్కు.

ఎందుకీ పట్టుదల?

1809లో యుద్ధంలో ఓడిన స్వీడన్ ఫిన్లాండ్‌తో పాటు ఈ దీవులనూ రష్యాకు వదులుకుంది. 1917లో ఫిన్లాండ్ స్వతంత్రమయ్యాక, తాము మళ్లీ స్వీడన్‌లో కలుస్తామని ఓలాండ్ వాసులు పట్టుబట్టారు. తగవు నానాజాతి సమితికెక్కింది. దీవులు ఫిన్లాండ్‌వేనని 1921లో సమితి తేల్చింది. బదులుగా వారి భాషకు, భూమికి, స్వపరిపాలనకు ఫిన్లాండ్ పూచీ పడాలంది. మరుసటి ఏడాది జూన్ 9న తొలి చట్టసభ కొలువుదీరింది. స్థానిక హక్కు 1951 చట్టంతో వచ్చింది. 1995లో ఫిన్లాండ్ ఐరోపా సమాఖ్యలో చేరినప్పుడూ ప్రత్యేక ఒడంబడికతో దాన్ని నిలుపుకున్నారు.

వచ్చేదెలా, పోయేదెలా?

తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ హక్కుంటే, ఫిన్లాండ్ పౌరసత్వమున్న బిడ్డకు పుట్టుకతోనే వస్తుంది. బయటి నుంచి వచ్చేవారు ఫిన్లాండ్ పౌరులై ఉండాలి, ఇక్కడ ఐదేళ్లు నివసించాలి, స్వీడిష్ తగినంత రావాలి. స్వీడిష్ మాతృభాషైన స్వీడన్ పౌరుడికీ ఫిన్లాండ్ పౌరసత్వం లేకుండా ఈ హక్కు దక్కదు. హక్కు ఉండి, 12 ఏళ్లు నిండకముందే ఇక్కడ స్థిరపడినవారికి ఫిన్లాండ్ నిర్బంధ సైనిక సేవ కూడా లేదు.

ఈ కట్టుబాటు కొత్తవారికే కాదు. చదువుకో, కొలువుకో స్వీడన్ వెళ్లి ఐదేళ్లకు మించి అక్కడే స్థిరపడితే, ఓలాండ్‌లో పుట్టినవాడికైనా హక్కు పోతుంది. తిరిగొస్తే మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి.

బయటివారికి ఇది కటువుగా తోచవచ్చు. అయితే 30 వేల మంది, 50 లక్షలు దాటిన జనాభా గల దేశంలో తమ భాషనూ నేలనూ వందేళ్లుగా నిలుపుకున్నారంటే, ఈ నిబంధన తమ బిడ్డలకూ వర్తించేంత నిక్కచ్చిగా ఉండటమూ ఒక కారణం.