లివర్ చెడితే కిడ్నీ ఎందుకు ఆగిపోతాది?

తాగి తాగి పొట్ట ఉబ్బిన మనుషులు మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా మన తీరం ఊళ్లల్లో కనపడతానే ఉంటారు. "లివర్ పోయిందంట" అంటారు. కొన్నాళ్లకి "కిడ్నీలు కూడా ఫెయిలంట" అంటారు. కొత్త జబ్బేదో వచ్చి పడిందనుకుంటాం. చానాసార్లు అది కొత్త జబ్బు కాదు తమ్ముళ్లారా, పాత జబ్బే ముదిరి కిడ్నీ దాకా వచ్చుండాది.

ఎట్టాగంటే, తాగుడు వల్లనో, హెపటైటిస్ బి, సి వల్లనో లివర్ గట్టిపడిపోతాది. దాన్నే సిర్రోసిస్ అంటారు. అప్పుడు పేగుల నుంచి వచ్చే రక్తం లివర్లో సాఫీగా పారదు. పేగుల దగ్గర నాళాలు వెడల్పయి రక్తం ఆడనే నిలిచిపోతాది. కాలవకి పైన గండి పడితే చివరి చేలకి నీళ్లందవు కదా, అట్టా కిడ్నీకి రక్తం తగ్గిపోతాది. ఒంట్లో నీళ్లు తక్కువైనాయనుకుని కిడ్నీ ఉప్పునీ నీళ్లనీ బయటికి పోనీకుండా పట్టేస్తాది. ఆ నీళ్లే పొట్టలో, కాళ్లలో చేరతాయి. ఇంకా ముదిరితే ఉచ్చ తగ్గిపోతాది. దీని పేరు హెపటోరీనల్ సిండ్రోమ్.

వింతేందంటే, ఆ కిడ్నీ నిజానికి చెడిపోయుండదు. ఇట్టా చనిపోయినోళ్ల కిడ్నీలు వేరేవాళ్లకి పెడితే పనిచేశాయని 1969లోనే డాక్టర్లు రాశారు. అంటే కిడ్నీని ఎండగట్టింది లివరే.

దాన్ని అంచు మీద నుంచి తోసేసేది మాత్రం చానాసార్లు మనమే. ఒళ్లునొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు కొని మింగుతాం. రక్తం తగ్గినప్పుడు కిడ్నీ నాళాన్ని తెరిచిపెట్టే పదార్థం ఒకటి ఒంట్లోనే తయారవతాది. ఈ బిళ్లలు దాన్నే ఆపేస్తాయి. విరేచనాలు పట్టించుకోకపోయినా, కామెర్లకని ఊరూపేరూ లేని పసరు తాగినా ముప్పే.

రిపోర్టులో క్రియాటినిన్ నార్మల్ అని ధీమా పడొద్దు. అది కండ నుంచి వచ్చేది. లివర్ రోగికి కండ కరిగిపోతాది కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నా నంబరు తక్కువే చూపిస్తాది. అందుకే పాత రిపోర్టు దాచిపెట్టుకోండి. రెండ్రోజుల్లో 0.3 పెరిగినా డాక్టర్లు ప్రమాదంగానే చూస్తారు.

అటునుంచి ఇటు కూడా దారి ఉండాది. డయాలసిస్‌లో రక్తం బయటికి పోయి వస్తాది. శుభ్రత తప్పితే హెపటైటిస్ బి, సి అంటుకుని లివర్ని పట్టుకుంటాయి. బి కి టీకా ఉండాది, కిడ్నీ జబ్బని తెలిసిన రోజే అడిగి వేయించుకోవాలి. సి అయితే మూడు నెలల్లోపు బిళ్లలతోనే తగ్గించే మందులొచ్చాయి. ఇక వరిమళ్లలో, మురుగునీళ్లలో దిగేవాళ్లకి ఇంకొకటి: ఎలకల ఉచ్చ కలిసిన నీళ్ల నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్. ముదిరితే లివర్, కిడ్నీ రెండిటినీ ఒకేసారి కొడతాది. మొదట్లోనే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గుతాది. జ్వరంతో కళ్లు పచ్చబడి ఉచ్చ తగ్గితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఈ సైన్సంతా తెలియకుండానే మన జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యమే ఆపారు, 1997లో మళ్లీ తెరిచారు. ఖజానాకొచ్చే డబ్బు లెక్క ప్రతి ఏడూ చెప్తారు. ఆ సీసా వల్ల ఆస్పత్రి మంచమెక్కినోళ్ల లెక్క ఎవరు చెప్తారు?

ఆ లెక్క అడగాల్సింది మనమే. ఈలోపు ఇంట్లో పని ఒకటుండాది. తాగే అన్ననో నాయననో ఆస్పత్రికి తీసకపోయినప్పుడు లివర్ పరీక్షతో పాటు క్రియాటినిన్, సోడియం కూడా రాయమని అడగండి. సిర్రోసిస్ వచ్చినాక కూడా తాగుడు మానేస్తే చానామంది తేరుకుంటారు. ఆ మాట ఇంట్లో చెప్పండి.