ముహూర్తమునకు ముందు నివాసనిర్ణయము

పెండ్లి కుదిరిన యింట మొదట పుట్టు ప్రశ్న ముహూర్తమెప్పుడని. పంచాంగము తిరుగవేసి, మూఢమి లేని మాసమును, వధూవరుల తారాబలమును విచారించి పురోహితుడు తేది చెప్పిన పిదపనే కల్యాణమండపము, శుభలేఖలు, పట్టుబట్టలు మొదలైన వాని ప్రసక్తి వచ్చుట మన యాచారము. కాని వధూవరులలో ఒకరు భారతపౌరులును వేరొకరు అన్యదేశపౌరులును అయినచో ఈ క్రమమును మార్చుకొనక తప్పదు. ఏలయన, కాపురము ఏ దేశమున పెట్టదలచిరో తేలినగాని, ఏ చట్టము ననుసరించి, ఏ చోట వివాహమాడవలెనో, ఏ వీసాకై, ఎవరు, ఏ కార్యాలయమున దరఖాస్తు పెట్టవలెనో తేలదు. అమెరికా పౌరుని వివాహమాడదలచిన తెలుగు యువతి సంగతిని దృష్టాంతముగా గైకొని ఈ విషయమును పరిశీలింతము.

వివాహము మన దేశముననే జరుపదలచినచో ప్రథమ ప్రశ్న మతసంబంధమైనది. 1955 నాటి హిందూ వివాహ చట్టము వధూవరులిరువురును హిందువులైనపుడే వర్తించును. ఆ చట్టము దృష్టిలో బౌద్ధులు, జైనులు, సిక్కులును హిందువులే. వరుడు క్రైస్తవుడో, యూదుడో అయినపుడు తాళి కట్టుట, తలంబ్రాలు పోసికొనుట యథావిధిగా జరిగినను ఆ చట్టమున వారికి రక్షణ లేదు. 1996లో ఒక క్రైస్తవ వరుడును హిందూ వధువును దేవాలయమున పెండ్లియాడి, హిందూ వివాహ చట్టము క్రిందనే రిజిస్ట్రేషను కూడ చేయించుకొనిరి. ఆంధ్రప్రదేశ్ నుండి సుప్రీంకోర్టు వరకు పోయిన ఆ వ్యాజ్యమున 2008లో ఆ వివాహము చెల్లదని తీర్పు వెలువడెను. రిజిస్ట్రారు ముద్ర యున్నంతమాత్రమున వివాహమునకు బలము కలుగునను భ్రమ ఎంత ప్రమాదకరమో దీనివలన తెలియుచున్నది.

అట్టి జంటలకు శరణ్యమైనది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము. దీనికి మతముతో గాని పౌరసత్వముతో గాని నిమిత్తము లేదు. దీనికి కావలసినది ఓర్పు. ఇరువురిలో నొకరైనను నోటీసుకు పూర్వము 30 దినములకు తక్కువ కాకుండ నోటీసిచ్చు జిల్లాలో నివసించి యుండవలెను. నోటీసుపై ఇరువురును సంతకము చేయవలెను. వివాహాధికారి దానిని తన కార్యాలయమున అందరికి కనబడు చోట అంటించి 30 దినములు వేచి, ఆ గడువులో ఆక్షేపణ రానిచో, ముగ్గురు సాక్షుల యెదుట వివాహము జరిపించును. నోటీసు ఇచ్చిన పిమ్మట మూడు మాసములలో వివాహము జరుగనిచో ఆ నోటీసు మురిగిపోవును. కావున మూడు వారముల సెలవుపై వచ్చిన వరుడు విమానము దిగిన మరునాడు నోటీసిచ్చి, తిరుగు ప్రయాణమునకు ముందే ధ్రువపత్రము చేతబట్టుకొని పోవుట దుస్సాధ్యము. వధువు స్థిరనివాసియైనచో జిల్లా నివాస నియమము తీరును గాని, నోటీసు తరువాతి నిరీక్షణ ఎవ్వరికిని తప్పదు. పురోహితుడు పెట్టిన లగ్నమును ఈ గడువులతో సరిపోల్చి చూచుకొనిన పిదపనే శుభలేఖలు అచ్చునకు పంపుట వివేకము.

కాపురము అమెరికాలో పెట్టదలచిన జంటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది, వివాహమైన పిదప భర్త ఐ-130 అను విజ్ఞాపన పెట్టి, భార్యకు వలసవీసా తెప్పించుకొనుట. ఈ మార్గమున వచ్చిన వధువు అడుగు పెట్టిన నాటినుండియే శాశ్వతనివాసి, ఉద్యోగము చేయుటకును అర్హురాలు. రెండవది, 1970లో ఏర్పడిన కే-1 అను కాబోవు వధువు వీసా. దీనికి ఇరువురును విజ్ఞాపనకు పూర్వపు రెండేండ్లలో ఒక్కసారియైనను ముఖాముఖి కలిసికొని యుండవలెను. వధువు అమెరికా చేరిన 90 దినములలో ఆ వరునినే వివాహమాడవలెను. అటుపిమ్మట శాశ్వతనివాసమునకై మరల దరఖాస్తు పెట్టుకొనవలెను.

ఇచ్చట మన కుటుంబములు తెలియక చిక్కుకొను ఉచ్చు ఒకటి కలదు. కే-1 వీసాకు దరఖాస్తు పెట్టియు, బంధువుల ముచ్చట తీర్చుటకై, రిజిస్ట్రేషను లేదు కదాయను ధైర్యముతో, ఊరిలో పందిరి వేసి తాళి కట్టించువారున్నారు. ఆ ఛాయాచిత్రములను చూచిన వీసా అధికారి, వీరికి వివాహమైపోయినదని భావించినచో, కాబోవు వధువు వీసాను నిరాకరింపవచ్చును. నిశ్చితార్థమునకు అభ్యంతరము లేదు. మాంగల్యధారణమే చిక్కు తెచ్చునది. పందిరిలో పెండ్లి కావలెనన్నచో మొదటి మార్గమునే చేపట్టుట మేలు. ఇక సందర్శక వీసాపై పోయి, అచ్చటనే పెండ్లియాడి నిలిచిపోవుదమను ఆలోచన అన్నిటికంటె అపాయకరము. మనసులోని సంకల్పమును దాచి వీసా పొందినట్లు తేలినచో ఆ దోషము జీవితాంతము వెంటాడగలదు.

వరుడు పౌరుడా, కేవలము గ్రీన్‌కార్డు కలవాడా అనునది సంబంధము మాటలాడునపుడే అడుగదగిన ప్రశ్న. 1965 నాటి వలసచట్టము పౌరుల భార్యాభర్తలను సంఖ్యాపరిమితినుండి మినహాయించినది. గ్రీన్‌కార్డు కలవారి భార్యలైనచో ఏటేటి పరిమితికి లోబడి వరుసలో నిలువవలసియుండును. కే-1 వీసా వారికి లేనేలేదు.

తరువాతది పత్రముల ఘట్టము. ఇందు తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు పొడి యక్షరమై, పాస్‌పోర్టులో పూర్తిగా విచ్చుకొని, జననపత్రమున బొత్తిగా లోపించి, ఒకే మనిషి ముగ్గురుగా కనబడుట మన యిండ్లలో సర్వసాధారణము. పాస్‌పోర్టులో పేరంతయు ఒకే గడిలో పడినవారికి అమెరికా వీసాపై పేరునకు బదులు ఎఫ్.ఎన్.యు. (పేరు తెలియదు) అను మూడక్షరములు దర్శనమిచ్చును. జననము నమోదు కానివారు మునిసిపాలిటీ నుండి గాని పంచాయతి నుండి గాని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్టు తెచ్చి, పాఠశాల పత్రములతో జతపరుపవలెను. పాస్‌పోర్టు కార్యాలయమునుండి పోలీసు క్లియరెన్సు, అనుమతి పొందిన వైద్యునిచేత ఆరోగ్యపరీక్ష కూడ ఆవశ్యకములు. భర్త ఐ-864 అను హామీపత్రమున, తన యాదాయము అచ్చటి దారిద్ర్యరేఖకు 125 శాతమునకు తగ్గదని నిరూపింపవలెను. చాలనిచో మరియొకరిని జంటహామీదారుగా చూపవచ్చును. ఈ హామీ విడాకులతో తీరిపోవునది కాదని సంతకము చేయువారు ఎరుగుట మంచిది.

తెలుగువారికి సాధారణముగా ముంబాయిలో జరుగు ముఖాముఖిలో అధికారి వెదకునది దాంపత్యపు వాస్తవికత. పెద్దలు కుదిర్చిన సంబంధమైనను ప్రేమవివాహమైనను ఆయన కొక్కటే. ఎట్లు పరిచయమైరి, పెద్దలెవరు వచ్చిరి, ఒకరి జీవనము నొకరెంతవరకెరుగుదురు అను ప్రశ్నలకు ఇద్దరి సమాధానములును కలియవలెను. ఫోను సంభాషణల వివరములు, ప్రయాణపు టిక్కెట్లు, పెండ్లిలో ఇరుప్రక్కల బంధువులున్న ఛాయాచిత్రములు అలంకరణపు ఆల్బముకంటె ఇచ్చట ఎక్కువ పలుకును.

కాపురము హైదరాబాదుననే పెట్టదలచినచో దారి వేరు. విదేశీయుడైన భర్త భారతపౌరురాలి భర్తగా ఎంట్రీ వీసాపై వచ్చి, వివాహము రిజిస్టరై రెండేండ్లు నిరంతరముగా నిలిచిన పిదప ఓ.సి.ఐ. (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డునకు దరఖాస్తు పెట్టవచ్చును. దానితో నివసింపవచ్చును, ఉద్యోగము చేయవచ్చును. ఓటుహక్కు లేదు, వ్యవసాయభూమి కొనుట కుదరదు.

రెండు దేశములును ఈ రెండేండ్ల గడువునే పాటించుట గమనింపదగినది. అమెరికా చేరునాటికి వివాహమై రెండేండ్లు నిండని భార్యకు ఇచ్చు నివాసహక్కు షరతుతో కూడినది. ఆ షరతుల నివాసపు గడువు ముగియుటకు పూర్వపు 90 దినములలో దంపతులు ఐ-751 అను విజ్ఞాపన దాఖలుచేసి కాపురము నిజమని మరల నిరూపింపవలెను. కావున వీసా చేతికందిన నాడు కాగితములు అటకెక్కించరాదు. ఉమ్మడి బ్యాంకు ఖాతాలు, ఇంటి అద్దె ఒప్పందము, ఆదాయపు పన్ను పత్రములు ఆనాటినుండియే ఒక సంచికలో చేర్చుకొనుచు పోవలెను. ముహూర్తము ఒక్క ఘడియలో దాటిపోవును. చట్టము కోరు సాక్ష్యమును మాత్రము కాపురమే దినదినము సమకూర్చవలెను.